కేబుల్ వీల్‌చైర్ కింద ఉంది

పోయిన నెల ఒక సాయంత్రం, వాన పడుతుండగా, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఛార్జింగ్ పాయింట్ ఒకటి ఖాళీగా కనిపించింది. నాన్న ముందు సీట్లో ఉన్నారు. "నేను రాను, నువ్వు వెళ్లి రా తల్లీ, రేడియో వింటూ కూర్చుంటా" అన్నారు. ఎలాగూ ముప్పావుగంట పడుతుంది కదా, ఈలోపు కారుని ఛార్జింగ్‌లో పెడదామని డిక్కీ తెరిచాను.

డిక్కీలో వీల్‌చైర్ మడిచి, పడుకోబెట్టి ఉంది. కేబుల్ దాని కింద ఉంది. అంటే సరిగ్గా కింద కాదు, ఫ్లోర్ పలక ఎత్తితే వచ్చే చిన్న గుంతలో. ఆ పలక లేవాలంటే దాని మీద ఏమీ ఉండకూడదు. కాబట్టి ముందు వీల్‌చైర్ దించాలి. దాన్ని వానలో పక్కన నిలబెట్టి, పలక ఎత్తి, కేబుల్ తీసి, పలక మూసి, వీల్‌చైర్ మళ్లీ ఎక్కించాను. తిరిగొచ్చాక ఇదే వరస వెనక నుంచి ముందుకి. ఈసారి కేబుల్ తడిసి, నేల మీది బురదంతా పూసుకుని ఉంది. ఇంటికొచ్చి నాన్నని కుర్చీలో కూర్చోబెట్టాక ఆయన చక్రాల మీద చేతులు వేసి తోసుకుంటూ లోపలికి వెళ్లారు. గుమ్మం దాటాక అరచేతులు చూసుకున్నారు. నల్లగా ఉన్నాయి. ఏమీ అనలేదు, నేనే టవల్ తెచ్చి తుడిచాను.

ఈ పోస్టు రాయాలని ఆ రోజే అనుకున్నాను.

నాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వ్యాగన్. అంటే పెట్రోల్‌తోనూ, ప్లగ్ పెట్టి నింపుకునే బ్యాటరీతోనూ నడిచే కారు, పైకప్పు డిక్కీ చివరిదాకా సాగి ఉంటుంది. వ్యాగన్‌నే కొన్ని కంపెనీలు ఎస్టేట్ అనీ, టూరింగ్ అనీ అంటాయి. లగ్జరీ పెర్ఫార్మెన్స్ తరహాది. టర్బో పెట్రోల్ ఇంజిన్, గేర్‌బాక్స్‌లో ఎలక్ట్రిక్ మోటారు, కింద బ్యాటరీ, నాలుగు చక్రాలకీ పవర్. తీసుకుని ఏడాదిన్నర అయింది, 23,000 కిలోమీటర్లు తిరిగాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేవి చాలావరకు ఒక్క కంపెనీ పొరపాట్లు కావు, ఈ తరహా డిజైన్‌లోనే ఉన్నవి. ఇలాంటిది కొనాలనుకుంటున్నవాళ్లకి షోరూములో ఎవరూ చెప్పనివి చెబుదామనే ఇదంతా.

ముందు వ్యాగన్ ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. నాన్న ముప్ఫై ఏళ్లు బస్సుల వర్క్‌షాప్‌లో ఇంజిన్లు విప్పి బిగించారు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. కారంటే నాకున్న పిచ్చి ఆయన దగ్గర నుంచి వచ్చిందే. ఆయన వీల్‌చైర్‌కి వచ్చాక ఎస్‌యూవీలు చూశాం. ఎత్తుగా ఉంటాయి, ఆయన సీట్లోకి ఎక్కలేరు. సెడాన్‌లో సీటు ఎత్తు సరిపోతుంది, కానీ వీల్‌చైర్ డిక్కీ నోట్లో దూరదు. వ్యాగన్ ఒక్కటే రెండింటికీ కుదిరింది. సీటు కిందకి ఉంటుంది, డిక్కీ మూత పైదాకా తెరుచుకుంటుంది. దానికితోడు నాకు స్పీడుగా, హుషారుగా నడిచే బండి కావాలి. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు, నాన్నకీ ఇష్టం లేదు.

స్పీడు వ్యాగన్ అనగానే నాన్న నోట వచ్చే పేరు ఆడి ఆర్‌ఎస్2. 1994లో ఆడి, పోర్షే కలిసి చేసిన కారు. 2.2 లీటర్ల ఐదు సిలిండర్ల టర్బో, 315 హార్స్‌పవర్, బరువు 1,600 కిలోలకి కొంచెం తక్కువ. మొత్తం 2,891 కార్లే తయారయ్యాయి. ఆ ఫొటో ఒకటి పత్రికలోంచి కత్తిరించి ఆయన టూల్ బాక్స్ మూత లోపల అంటించుకున్నారు, ఇప్పటికీ ఉంది. అదే సంవత్సరం వోల్వో తన 850 ఎస్టేట్‌ని బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లో దించింది. సామాన్లు మోసే బండి రేసుకారుల మధ్య పరిగెత్తడం ఆ రోజుల్లో ఎంత సంబరమో ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

ఇప్పుడు ఈ వర్గంలో అందరి నోటా నానుతున్నది బీఎండబ్ల్యూ ఎం5 టూరింగ్. 4.4 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, దానికి ఎలక్ట్రిక్ మోటారు కలిపి 727 హార్స్‌పవర్, 1,000 న్యూటన్ మీటర్ల టార్క్. బరువు 2,475 కిలోలు. ఆర్‌ఎస్2 మీద దాదాపు 900 కిలోలు ఎక్కువ. అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకో లెక్క. దీనికి ముందు తరం ఎం5 కాంపిటీషన్ సెడాన్ 625 హార్స్‌పవర్‌తో సున్నా నుంచి వందకి 3.3 సెకన్లలో వెళ్లేది. కొత్త టూరింగ్ 102 హార్స్‌పవర్ ఎక్కువ పెట్టుకుని 3.6 సెకన్లు తీసుకుంటుంది. సెకనులో మూడో వంతు తేడా ఎవరికీ తెలియదు, నిజమే. కానీ పెంచిన పవరంతా పెరిగిన బరువుని మోయడానికే సరిపోయిందని ఆ అంకె చెబుతోంది కదా.

బరువు నేరుగా పోతున్నప్పుడు తెలియదు. మలుపులో, బ్రేక్ దగ్గర, గతుకు మీద తెలుస్తుంది. నా కారులో అన్నిటికన్నా ముందు కనిపెట్టింది నాన్న నడుము. అంత బరువు మలుపులో పక్కకి ఒరగకుండా నిలబెట్టాలంటే స్ప్రింగులు, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) గట్టిగా ఉండాలి. కంఫర్ట్ మోడ్‌లో పెట్టినా చిన్న చిన్న గతుకులు వెన్నులోకి వచ్చేస్తాయి. పాత కారులో గంటన్నర ప్రయాణం చేసినా మామూలుగా ఉండే మనిషి ఇందులో ముప్పావుగంటకే "కాస్త ఎక్కడైనా ఆపమ్మా" అంటున్నారు. 21 అంగుళాల చక్రాలకి రబ్బరు మందం ఎంతుంటుంది, నాలుగు వేళ్ల వెడల్పు. ఆ నాలుగు వేళ్ల రబ్బరే రెండున్నర టన్నుల్ని మోస్తోంది. వెనక టైర్లు 17,000 కిలోమీటర్లకే మార్చాల్సి వచ్చింది, నేనేమీ రేసులు ఆడలేదు.

టైర్ల సంగతి వచ్చింది కాబట్టి ఆ రాత్రి గురించి కూడా చెప్పేస్తాను. ఈ కారులో స్టెప్నీ లేదు. స్టెప్నీ ఉండాల్సిన చోట్లో బ్యాటరీ తాలూకు సరంజామా ఉంది. ఒక జిగురు సీసా, చిన్న కంప్రెసర్ ఇచ్చారు. మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది. మాకు మేకు దిగలేదు, గుంత అంచు తగిలి టైరు పక్క గోడ చీలింది. పక్క చీలికకి జిగురు ఆగదు. రాత్రి పదిన్నర, పక్కన నాన్న. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే ముందు మామూలు టోయింగ్ బండి వచ్చింది. అతను చూసి, "ఇది నాలుగు చక్రాల డ్రైవ్, పైగా హైబ్రిడ్ అమ్మా, చక్రాలు నేల మీద ఆనించి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ రావాలి" అన్నాడు. అతను చెప్పింది నిజం. చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లోని భాగాలు కూడా తిరుగుతాయి, దాంతో వేరే నష్టం. ఫ్లాట్‌బెడ్ వచ్చేసరికి ఒంటిగంట. నాన్న మందు వేసుకునే టైము దాటిపోయింది. స్టెప్నీ ఉంటే నేనే ఇరవై నిమిషాల్లో మార్చేదాన్ని. చక్రం మార్చడం నాకు పద్నాలుగో ఏట నేర్పారు ఆయన. పక్కన కూర్చుని ఆయన ఒకటే మాట అన్నారు, "జాకీ కూడా లేదా ఇందులో?" లేదు నాన్నా, అన్నాను.

ఇక డిక్కీ. నా బాధంతా దీని గురించే. అసలు వ్యాగన్ అంటేనే డిక్కీ. సెడాన్‌లో డిక్కీ తగ్గితే డిక్కీ ఒక్కటే తగ్గినట్టు, వ్యాగన్‌లో డిక్కీ తగ్గితే కారే తగ్గినట్టు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ చేసేటప్పుడు బ్యాటరీ ఎక్కడ పెట్టాలి? ముందు ఇంజిన్ ఉంది. మధ్యలో కాళ్లు పెట్టుకోవాలి, ఎగ్జాస్ట్ గొట్టాలు పోవాలి. పుట్టుకతో ఎలక్ట్రిక్‌గా డిజైన్ చేసిన కారైతే అడుగంతా చదునుగా బ్యాటరీ పరిచేస్తారు. ఇందులో ఆ వీలు లేదు కాబట్టి బ్యాటరీనో, దాని కంట్రోలర్లనో, ఛార్జర్‌నో, అక్కడి నుంచి కదిపిన పెట్రోల్ ట్యాంకునో ఎక్కడో ఒకచోట వెనక సర్దాలి. సర్దిన ప్రతిదానికీ డిక్కీలోంచి జాగా పోతుంది.

అంకెలు చూడండి. మామూలు బీఎండబ్ల్యూ 5 సిరీస్ టూరింగ్ డిక్కీ 570 లీటర్లు, ఎం5 టూరింగ్‌ది 500. మెర్సిడెస్ ఈ-క్లాస్ ఎస్టేట్‌లో మామూలుది 615 లీటర్లు, ప్లగ్-ఇన్‌ది 460. సీ-క్లాస్ ఎస్టేట్ అయితే మామూలుది 490, అందులోనే ఏఎంజీ సీ63 ఎస్ ఈ పెర్ఫార్మెన్స్ అనే స్పీడు ప్లగ్-ఇన్‌ది 324. మూడొందల ఇరవై నాలుగు లీటర్లంటే మామూలు చిన్న హ్యాచ్‌బ్యాక్ డిక్కీ. ఆ కారులో వెనక ఇరుసు దగ్గర పెట్టిన బ్యాటరీ 6.1 యూనిట్లది, దాంతో కరెంటు మీద నడిచేది అధికారికంగా 13 కిలోమీటర్లు. అంటే 166 లీటర్ల డిక్కీ ఇచ్చి 13 కిలోమీటర్లు తీసుకున్నారు. ఆ బ్యాటరీ దూరం కోసం కాదు, అవసరమైనప్పుడు ఒక్కసారిగా పవర్ ఇవ్వడానికి పెట్టిందని వాళ్లే చెబుతారు. సరే. కానీ వ్యాగన్ కొనేవాడు ఆ జాగా కోసమే కదా వచ్చేది.

లీటర్లు కూడా మొత్తం కథ చెప్పవు. లీటర్లు కొలిచేటప్పుడు మూలమూలలూ కలిపి కొలుస్తారు. నాకు తగిలేది ఎత్తు. నా పాత వ్యాగన్‌లో ఫ్లోర్ డిక్కీ అంచుకి సమానంగా ఉండేది. వీల్‌చైర్ ముందు చక్రాలు అంచు మీద ఆనించి తోస్తే అదే లోపలికి జారేది. దాని మీద నాన్న వాకర్, పైన ఒక దుప్పటి పెట్టినా కవర్ మూసుకునేది. ఇందులో ఫ్లోర్ పైకి లేచింది. టేపు పెట్టి కొలిస్తే తొమ్మిది సెంటీమీటర్లు. మడిచిన వీల్‌చైర్ పడుకోబెడితే ముప్ఫై సెంటీమీటర్ల మందం. అది పడుతుంది, కానీ దాని మీద వాకర్ పెడితే కవర్ మూసుకోదు. ఇక వెనక సీట్లు మడిస్తే ఫ్లోర్ చదునుగా రాదు, మధ్యలో మెట్టు. పొడుగు సామాను ఏదైనా ఆ మెట్టుకి తగిలి ఆగుతుంది. వాకర్ ఇప్పుడు వెనక సీటు మీద, మా అబ్బాయి కాళ్ల దగ్గర ప్రయాణం చేస్తోంది. ఫ్లోర్ కింద ఒకప్పుడు చిన్నచిన్న వస్తువులు వేసుకునే అర ఉండేది, ఇప్పుడు కేబుల్ ఒక్కటీ పట్టే గుంత మిగిలింది. మొదట్లో చెప్పిన బురద కథ అక్కడి నుంచి వచ్చిందే.

పెట్రోల్ ట్యాంకు కూడా చిన్నదవుతుంది. ముందు తరం ఎం5లో 68 లీటర్లు, ఇప్పటి దాంట్లో 60. హైవే మీద బ్యాటరీ అయిపోయాక నా కారు వంద కిలోమీటర్లకి 12 లీటర్ల దాకా తాగుతుంది. బరువైన బండి, తక్కువ పెట్రోలు. కాబట్టి దూర ప్రయాణాల్లో బంకు దగ్గర తరచుగా ఆగాలి. ఆగాక ఇంకో విషయం ఉంది. మూత తెరవడానికి బటన్ నొక్కి ఆగాలి. స్క్రీన్ మీద "ట్యాంకు సిద్ధమవుతోంది" అని వస్తుంది. మొదటిసారి చెడిపోయిందేమో అనుకుని టెన్షన్ పడ్డాను. కారణం తెలిశాక నచ్చింది కూడా. మామూలు కారులో పెట్రోల్ ఆవిరి బొగ్గు ఉన్న ఒక డబ్బాలో చేరుతుంది, ఇంజిన్ నడిచినప్పుడు ఆ ఆవిరిని పీల్చేసుకుంటుంది. ప్లగ్-ఇన్‌లో ఇంజిన్ రోజుల తరబడి నడవకపోవచ్చు. అందుకని ట్యాంకుని గాలి చొరకుండా ఒత్తిడి తట్టుకునేలా కడతారు. మూత తెరిచే ముందు ఆ ఒత్తిడిని దించాలి. మంచి ఇంజినీరింగే. అయితే గట్టి ట్యాంకు అంటే మళ్లీ కొంచెం బరువు. ఈ కారులో ప్రతి పరిష్కారమూ ఇంకో నాలుగు కిలోలు తెచ్చి పెడుతుంది.

నాన్నకి అన్నిటికంటే కష్టంగా అనిపించింది డిక్కీ కాదు, నడుమూ కాదు. ఇంజిన్ చల్లగా ఉండగా లేవడం.

ఇది కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఇంటి దగ్గర ఫుల్ ఛార్జింగ్‌తో బయలుదేరాం. ముప్ఫై కిలోమీటర్లు కరెంటు మీదే వెళ్లాం, ఇంజిన్ ఒక్కసారి కూడా మేలుకోలేదు. హైవే ఎక్కాం. ముందు లారీ. దాటడానికి యాక్సిలరేటర్ లోతుగా నొక్కాను. ఎలక్ట్రిక్ మోటారు ఒక్కటే చాలదని కారు అనుకుంది, ఇంజిన్‌ని లేపింది. అప్పటిదాకా బయటి గాలి ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉన్న ఇంజిన్ రెండు సెకన్లలో నాలుగు వేల ఆర్‌పీఎంకి వెళ్లింది. బరబరా ఒక శబ్దం, మామూలు స్టార్ట్ శబ్దం కాదు, లోహం లోహాన్ని వెతుక్కుంటున్నట్టు. నాన్న డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టారు, ఎవరికో దెబ్బ తగిలినప్పుడు పెట్టినట్టు. "అలా లాగకూడదమ్మా, నూనె ఇంకా పైకి ఎక్కలేదు" అన్నారు.

ఆయన అన్నది అక్షరాలా నిజం. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది. తన పూర్తి వేడికి, అంటే 80, 90 డిగ్రీలకి చేరడానికి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ద్రవం కన్నా ఎక్కువ టైము తీసుకుంటుంది. ఇంజిన్ అరుగుదలలో పెద్ద భాగం ఆ చల్లటి నిమిషాల్లోనే. పెర్ఫార్మెన్స్ కారు నడిపేవాళ్లందరికీ మొదట నేర్పేది ఇదే: ఆయిల్ వేడెక్కేదాకా మెల్లగా వెళ్లు. ఈ కారులో ఆ సంగతి చేతిలో ఉండదు. పొగ సంగతి కూడా అంతే. ఎగ్జాస్ట్‌లో విషవాయువుల్ని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీలకి చేరితే గానీ సరిగా పనిచేయదు. ఇంజిన్ ముప్ఫై కిలోమీటర్ల తర్వాత చల్లగా లేచి ఒక్కసారి పూర్తి బరువు ఎత్తుకుంటే, ఆ కొద్ది సెకన్లు పొగ శుభ్రపడకుండానే బయటికి పోతుంది. కంపెనీలు దీనికి ఏర్పాట్లు చేస్తాయి. చల్లగా ఉంటే ఆర్‌పీఎం ఎక్కువ పోకుండా ఆపుతాయి, కన్వర్టర్‌ని ముందే వేడెక్కిస్తాయి. కానీ ఓవర్‌టేక్ మధ్యలో ఉన్నప్పుడు డ్రైవర్‌కి పవర్ ఇవ్వకుండా కారు ఎంతసేపు ఆగగలదు?

ఇప్పుడు నేను హైవే ఎక్కడానికి పది నిమిషాల ముందే హైబ్రిడ్ మోడ్‌లో పెట్టి ఇంజిన్ లేపుతున్నాను. నాన్న గుర్తు చేస్తారు. "పొయ్యి వెలిగించావా?" అంటారు.

బ్రేకుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కొండదారిలో నేర్చుకోవడం కన్నా ముందే తెలుసుకోవడం మంచిది. ఈ కార్లు వేగం తగ్గేటప్పుడు మోటారుని జనరేటర్‌గా మార్చి కరెంటు వెనక్కి తీసుకుంటాయి. పెడల్ నొక్కితే మొదట మోటారు ఆపుతుంది, ఇంకా కావాలంటే డిస్కులు కలుస్తాయి. ఆ రెండూ కలిసేచోట, మరీ ముఖ్యంగా ఆగిపోయే ముందు ఆఖరి పది కిలోమీటర్ల వేగంలో, పెడల్ చిన్నగా మారుతుంది. నాన్న తల ముందుకి ఊగుతుంది. నేను ఏడాదిన్నర అలవాటు చేసుకున్నా పదిసార్లలో రెండుసార్లు ఇంకా ఊగుతుంది.

బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ కరెంటుకి వెళ్లడానికి చోటు ఉండదు. అప్పుడు మోటారు ఆపడం మానేస్తుంది, మొత్తం భారం డిస్కుల మీద పడుతుంది. ఒకసారి కొండ మీద బస చేసిన చోట రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, పొద్దున నిండు బ్యాటరీతో కిందకి బయలుదేరాను. యాక్సిలరేటర్ వదిలినా కారు ముందురోజులా తగ్గడం లేదు. అదే కారు, వేరే ప్రవర్తన. ఇంటికొచ్చాక లెక్క వేశాను. 2,600 కిలోల బరువు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి దిగితే దాదాపు 7 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి విడుదలవుతుంది. గాలికీ టైర్లకీ కొంత పోతుంది, మిగిలింది బ్యాటరీలోకి పోవాలి, లేదా బ్రేకుల్లో వేడిగా పోవాలి. ఆ రోజు కింద ఆగినప్పుడు డిస్కుల నుంచి కాలిన వాసన వచ్చింది. దిగే ముందు రోజు కొండ మీద ఫుల్ ఛార్జింగ్ పెట్టకండి. డెబ్భై శాతం దగ్గర ఆపేయండి. ఇది మాన్యువల్‌లో ఉండొచ్చు, మొదటి పేజీలో ఉండాలి.

ఛార్జింగ్ వేగం గురించి ఎక్కువ రాయను. ఈ తరహా కార్లలో చాలావాటికి ఇంట్లో వచ్చే ఏసీ కరెంటుతో నెమ్మదిగా ఎక్కే ఛార్జింగే ఉంటుంది, డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ ఉండదు. ఎం5లో వాడుకోదగ్గ బ్యాటరీ 18.6 యూనిట్లు, 7.4 కిలోవాట్ల పాయింట్‌లో పెడితే మూడు గంటల పైమాట. నా కారులో ఇలాంటి పాయింట్ దగ్గర అరగంట ఆగితే వచ్చేది తొమ్మిది కిలోమీటర్లు. దారి మధ్యలో ఛార్జింగ్ వల్ల లాభం లేదు. ఇంటి దగ్గరో, ఆఫీసులోనో సొంత ప్లగ్ లేనివాళ్లు ఈ కారు వైపు చూడకండి. అది లేకపోతే కొన్నదానిలో సగం బరువుగా మిగిలిపోతుంది.

మరి ఇలాంటి కార్లు ఎందుకు వస్తున్నాయి? యూరప్‌లో 2020 నుంచి ఒక్కో కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 95 గ్రాముల చుట్టూ ఉండాలని నియమం పెట్టారు, దాటితే జరిమానా. పెద్ద వీ8 ఒక్కటే అమ్మితే ఆ సగటు ఎగిరిపోతుంది. అదే వీ8కి ప్లగ్ తగిలిస్తే కాగితం మీద కిలోమీటరుకి 50 గ్రాముల లోపు వచ్చేది. ఎలా అంటే, పరీక్షలో బ్యాటరీ నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కొలిచి, ఈ కారు ఇంత శాతం దూరం కరెంటు మీదే నడుస్తుందని ఒక ఊహతో రెండూ కలుపుతారు. ఆ ఊహ చాలా ఉదారంగా ఉండేది. యూరోపియన్ కమిషన్ రోడ్డు మీద తిరుగుతున్న కార్ల లోపలి మీటర్ల నుంచి డేటా సేకరించి 2024లో ప్రకటించింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు పరీక్షలో చూపిన దానికి సగటున మూడున్నర రెట్లు వదులుతున్నాయి. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో ఆ తేడా ఐదో వంతు దగ్గర. 2025 నుంచి ఆ ఊహని సవరిస్తూ వస్తున్నారు. చేయాల్సిన పనే.

ఆ నియమం తప్పని నేను అనను. నాకు బాధ కలిగించేది, ఆ అంకె కోసం చేసిన ఏర్పాటు మొత్తం వ్యాగన్ వాడే మనిషి భుజాల మీద పెట్టడం. అంకె బాగుపడింది. డిక్కీ పోయింది, స్టెప్నీ పోయింది, ట్యాంకు తగ్గింది, టైర్లు త్వరగా పోతున్నాయి.

సర్వీసు సంగతి. ఒకసారి ఉదయం స్క్రీన్ మీద పసుపు రంగులో డ్రైవ్ సిస్టమ్ లోపం అని వచ్చింది. కారు నడిచింది, కానీ ఛార్జింగ్ తీసుకోలేదు. సర్వీస్ సెంటర్‌లో పదకొండు రోజులు ఉంచుకున్నారు. హై ఓల్టేజ్ పనికి శిక్షణ పొందిన మనిషే ముట్టుకోవాలి, ఆయన వారానికి రెండురోజులే వస్తాడు. చివరికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో పోయింది. ఆ పదకొండు రోజులూ నాన్నని ఫిజియోథెరపీకి పక్కింటివాళ్ల కారులో తీసుకెళ్లాను. దాని డిక్కీలో వీల్‌చైర్ మొదటి ప్రయత్నంలోనే పట్టింది. నాన్న, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఈ కారులో నాకు నిజంగా ఇష్టమైన గంట ఒకటుంది, అది రాయకపోతే అబద్ధం అవుతుంది. తెల్లవారుజామున ఐదున్నరకి ఫిజియోథెరపీకి బయలుదేరతాం. వీధి నిద్రలో ఉంటుంది. ఇంజిన్ శబ్దం లేకుండా గేటు దాటతాం. నాన్నకి వినికిడి తగ్గింది, ఇంజిన్ మోతలో నా మాట సరిగా వినపడదు. ఆ ఇరవై నిమిషాల్లో మాత్రం నేను మామూలు గొంతుతో మాట్లాడితే ఆయన బదులిస్తారు. వర్క్‌షాప్ కబుర్లు, అమ్మ సంగతులు, ఎప్పుడూ చెప్పనివి కొన్ని ఆ చీకట్లోనే చెప్పారు. దానికోసం ఈ కారుకి నేను రుణపడి ఉన్నాను.

అయితే ఆ ఇరవై నిమిషాలు ఏ ఎలక్ట్రిక్ కారైనా ఇస్తుంది. దూర ప్రయాణంలో ఆ హుషారు ఏ తేలికపాటి పెట్రోల్ వ్యాగనైనా ఇస్తుంది. నేను రెండూ ఒకదానిలో కావాలనుకున్నాను. రెండింటి యంత్రాలనూ ఎప్పుడూ మోసుకు తిరుగుతున్నాను. కరెంటు మీద వెళ్లేటప్పుడు చల్లటి ఇంజిన్‌ని, హైవే మీద ఖాళీ బ్యాటరీని.

చూడటానికి షోరూముకి వెళ్లేవాళ్లు టేపు పట్టుకెళ్లండి. డిక్కీలో మీరు రోజూ పెట్టే వస్తువు ఏదైతే అది నిజంగా తీసుకెళ్లి పెట్టి చూడండి, సీట్లు మడిచి మెట్టు ఎంతుందో చూడండి, కేబుల్ ఎక్కడ పెట్టాలో అడగండి. టెస్ట్ డ్రైవ్‌కి వాళ్లు ఎప్పుడూ బ్యాటరీ నింపి ఇస్తారు. ఖాళీ చేసి ఇమ్మని అడగండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పండి.

మేము కేబుల్‌కి ఒక ఏర్పాటు చేసుకున్నాం. మూత ఉన్న పొడుగు ప్లాస్టిక్ డబ్బా కొని, ముందు సీటు వెనకాల నిలబెట్టి పట్టీతో కట్టాను. నాన్నే కొలతలు చెప్పారు, పట్టీకి బకిల్ ఆయనే కుట్టారు, వణికే చేతులతో రెండు సాయంత్రాలు కూర్చుని. మా అబ్బాయికి కాళ్లు చాపుకునే చోటు ఇంకాస్త తగ్గింది. నిన్న పొద్దున గేటు దాటాక నాన్న తన అరచేతులు రెండూ వెలుతురులో నాకు చూపించారు. తెల్లగా ఉన్నాయి.